సంతకం అయిపోయింది... సొమ్మేదీ?

బేరం కుదిరింది. బయానా అందింది. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. కొన్నాయన మిఠాయి డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. పెట్టనిదల్లా ఒక్కటే... మిగతా సొమ్ము! ఇల్లో, ఫ్లాటో, పొలమో అమ్ముకున్నాక రావాల్సిన డబ్బు ఎందుకు ఆగిపోతుంది? ఎంతవరకు ఆపొచ్చు? ఆపేస్తే మనమేం చేయొచ్చు?

హైదరాబాద్‌కు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో ఏ చాయ్ హోటల్ ముందు కాసేపు కూర్చున్నా భూమి ముచ్చటే వినిపిస్తుంది. రావల్కోల్ అయినా అంతే, డబీల్‌పూర్ అయినా అంతే. గజం ఎంత, గుంట ఎంత, ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు... నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్‌రోడ్డు వచ్చాక ఈ వైపు వరిమళ్ల పక్కనే లేఅవుట్ల హద్దురాళ్లు లేచాయి. తాతలనాటి పొలం అమ్మేవాళ్లూ, ఎప్పుడో కొనిపెట్టుకున్న ప్లాటు పిల్ల పెళ్లికో పిల్లాడి చదువుకో అమ్మేవాళ్లూ ఇక్కడ కొత్త కాదు.

అలాంటి ఓ పెద్దాయన ఉన్నాడనుకుందాం. రావల్కోల్ దారిలో ఆయనకు 200 గజాల ప్లాటుంది. 40 లక్షలకు బేరం. 4 లక్షలు బయానా. రిజిస్ట్రేషన్ నాడు 26 లక్షలు బ్యాంకు డీడీగా అందాయి. మిగిలింది 10 లక్షలు.

‘‘అన్నా, ఒక్క నెల టైమియ్యి. పైసలు యాడికి పోతయ్? నా మీద యకీన్ లేదా?’’ అన్నాడు కొనేవాడు. మధ్యవర్తి కూడా ‘‘నేనున్నా గదా’’ అన్నాడు. మొహమాటం అడ్డొచ్చింది. దస్తావేజులో ‘మొత్తం పైకం ముట్టినది’ అని రాసి ఉన్నా పెద్దాయన చూసీ చూడనట్టు వేలిముద్ర వేశాడు.

నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. ‘హద్దులు కొలిపించాలి’ అని ఓసారి, ‘బ్యాంకు లోను రాలేదు’ అని ఇంకోసారి, ‘పాత పన్ను బాకీ ఉందట’ అని మరోసారి... చివరికి ఫోను ఎత్తడమే మానేశాడు. ఇలాంటి కథ మీ బంధువుల్లోనో, మీ వీధిలోనో ఒక్కటైనా ఉండే ఉంటుంది. ఆ పెద్దాయన చేసిన తప్పేంటి? నమ్మడమా? కాదు. నమ్మినదాన్ని కాగితం మీద పెట్టకపోవడం.

సూరత్ చెప్పిన పాఠం

‘డబ్బివ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయించేస్తా’... చాలామంది ధీమా ఇదే. కానీ చట్టం అలా అనడం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకమంటే ధర చెల్లించడం ఒక్కటే కాదు. చెల్లిస్తానని మాటివ్వడం, కొంత చెల్లించి కొంతకు మాటివ్వడం కూడా అమ్మకమే! అంటే పది లక్షలు బాకీ ఉన్నా సరే, దస్తావేజు రిజిస్టరైతే సాధారణంగా ఆస్తి కొన్నవాడిదైపోతుంది.

గుజరాత్‌లోని సూరత్‌కు చెందిన ఓ వ్యవసాయ కుటుంబం కథ వినండి. 2009 జులైలో వాళ్లు తమ భూమిని దాదాపు కోటీ 74 లక్షలకు అమ్మారు. సొమ్ము 36 చెక్కుల రూపంలో ముట్టినట్టు దస్తావేజులో రాశారు. తర్వాత కొన్నవారు ఆ భూమిని 2013లో మరొకరికి అమ్మేశారు. 2014 డిసెంబరులో ఆ కుటుంబం కోర్టుకెళ్లింది. ‘మాకు ముట్టింది ఆరు చెక్కుల మీద 40 వేలే, మిగతా 30 చెక్కులూ ఉత్తవే, కాబట్టి దస్తావేజు రద్దు చేయండి’ అన్నది వాళ్ల మొర.

కింది కోర్టు ఆ దావాను మొదట్లోనే తోసిపుచ్చింది. హైకోర్టూ అదే మాటంది. 2020 జులైలో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. కారణాలు రెండు. ఒకటి, సొమ్ములో కొంత అందలేదన్నది నిజమే అనుకున్నా అది దస్తావేజు రద్దుకు కారణం కాదు, బాకీ వసూలుకు దావా వేసుకోవచ్చంతే. రెండోది, మూడేళ్లలోపు రావాల్సిన వాళ్లు అయిదేళ్లు దాటాక వచ్చారు.

1999లోనే సుప్రీంకోర్టు మరో కేసులో ఇదే చెప్పింది. పూర్తి ధర ముట్టనంత మాత్రాన అమ్మకం అమ్మకం కాకుండా పోదని. కాబట్టి ‘రద్దు చేయిస్తా’ అన్న ధీమాతో సంతకం పెట్టకూడదు. చట్టం మనకిచ్చిన ఆయుధం వేరే ఉంది.

చట్టం చేతులెత్తేయలేదు!

అదే ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ అమ్మినవారికో మంచి హక్కు ఇచ్చింది. ఆస్తి చేతులు మారి ధరలో కొంత బాకీ ఉంటే, ఆ బాకీ మేరకు ఆ ఆస్తి మీదే అమ్మినవారికి ‘చార్జి’ ఉంటుంది. తాకట్టు లాంటిదే అనుకోండి. అసలుతోపాటు స్వాధీనం ఇచ్చిన రోజు నుంచి వడ్డీ కూడా అడగొచ్చు. అవసరమైతే కోర్టు ద్వారా ఆ ఆస్తిని వేలం వేయించి బాకీ రాబట్టుకోవచ్చు.

ఇక్కడ గడువు సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆస్తి మీది చార్జిని అమలు చేయమని అడగడానికి 1963 లిమిటేషన్ చట్టం 12 ఏళ్లు ఇచ్చింది. కొన్నవాడి నుంచి వ్యక్తిగతంగా వసూలు చేయమని అడగాలంటే మాత్రం మూడేళ్లే. ‘ఇస్తాడులే’ అని పండగ తర్వాత పండగ లెక్కపెడుతూ కూర్చుంటే రెండో దారి మూసుకుపోతుంది.

ఇంకో మెలిక. కొన్నవాడు మరొకరికి అమ్మేస్తే? ఆ కొత్తాయనకు బాకీ సంగతి తెలిసి ఉంటే చార్జి ఆయన మీదా పనిచేస్తుంది. తెలియకుండా సొమ్ము చెల్లించి కొని ఉంటే పనిచేయదు. మరి తెలుసని ఎలా నిరూపించాలి? బాకీ ఉన్నట్టు రిజిస్టరైన దస్తావేజులోనే రాసి ఉంటే చాలు, తర్వాత కొనేవారు ‘మాకు తెలియదు’ అనడానికి వీల్లేదు. అందులో ‘మొత్తం ముట్టినది’ అని ఉంటే... మన పెద్దాయన పరిస్థితే. బాకీ ఉందని ఆయనే రుజువు చేసుకోవాలి. ఒక్క వాక్యం తేడా. కానీ దాని ఖరీదు పది లక్షలు!

ఆపడానికీ ఓ లెక్కుంది

అలాగని డబ్బు ఆపిన ప్రతివాడూ మోసగాడు కాదు. కొనేవాడికీ భయాలుంటాయి. కొన్నింటికి చట్టమే ఒప్పుకుంటుంది.

ఆస్తి మీద అప్పుందనుకోండి. ఏ బాకీలూ లేవని చెప్పి అమ్మిన ఆస్తి మీద తాకట్టో మరో బాధ్యతో ఉంటే, ఆ మేరకు సొమ్మును కొనేవాడు ఆపుకోవచ్చని 55వ సెక్షనే చెబుతోంది. అయితే ఆపుకొన్నది జేబులో వేసుకోవడానికి కాదు, ఆ అప్పువాళ్లకు కట్టేయడానికి. అమ్మిన తేదీ వరకు ఆస్తి పన్ను లాంటి ప్రభుత్వ బాకీలు తీర్చాల్సిందీ అమ్మేవారే. అపార్ట్‌మెంట్ అయితే సంఘానికి కట్టాల్సిన మెయింటెనెన్సు బకాయిల లెక్క కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ఇంటి మీద లోను ఉంటే ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో ఉంటాయి. అవి చేతికొచ్చేదాకా కొంత సొమ్ము ఆపుతామంటారు కొనేవాళ్లు. న్యాయమే. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా బ్యాంకులు పత్రాలు తిరిగివ్వాలనీ, తమవల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కాబట్టి ఈ కారణం మీద ఆపే సొమ్ముకు ఓ గడువు రాసుకోవడం కష్టమేం కాదు.

ఇక ఆదాయపు పన్ను. ఆస్తి విలువ 50 లక్షలు, అంతకుమించి ఉంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. ఈ నిబంధన 2013 జూన్ 1న మొదలైంది. 60 లక్షల ఫ్లాటుకు 60 వేలన్నమాట. అది ఎక్కడికీ పోదు, మీ పాన్ నంబరు మీద జమవుతుంది. రిటర్ను దాఖలు చేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది. కట్టినట్టు ధ్రువపత్రం మాత్రం కచ్చితంగా అడిగి తీసుకోవాలి. పట్టణాలకు నిర్ణీత దూరం దాటి ఉన్న వ్యవసాయ భూమికి ఇది వర్తించదు.

అమ్మేవారు ఎన్నారై అయితే కథ మారిపోతుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి పేరున కొన్న ఫ్లాటుని అమ్మకానికి పెట్టిన తల్లిదండ్రులకు పెద్ద దెబ్బ ఇక్కడే తగులుతుంది. 50 లక్షల పరిమితి వాళ్లకు లేదు. రెండేళ్లు దాటిన ఆస్తి లాభం మీద 2024 జులై 23 నుంచి పన్ను 12.5 శాతం. సెస్సు, సర్‌చార్జి అదనం. ముందే ధ్రువపత్రం తెచ్చుకోకపోతే కొనేవాళ్లు లాభం మీద కాకుండా మొత్తం ధర మీదే మినహాయిస్తుంటారు. 45 లక్షలకు కొన్న ఫ్లాటును 60 లక్షలకు అమ్మితే లాభం 15 లక్షలే. దానిమీద పన్ను సుమారు లక్షా 87 వేలు. మొత్తం ధర మీద పట్టుకుంటే ఏడున్నర లక్షలు! తేడా మళ్లీ రిటర్ను వేసి వాపసు తెచ్చుకునేదాకా ఆగిపోయినట్టే. తక్కువ మినహాయింపు ధ్రువపత్రానికి బేరం కుదిరిన వెంటనే ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేసుకుంటే ఈ తిప్పలుండవు.

ఇంగ్లండులోనూ ఇదే గోల

‘ఇక్కడంటే ఇలా గానీ, దొరల దేశంలో ఇలాంటివి ఉండవు’ అనుకుంటున్నారా? ఇంగ్లండులో ఫ్లాటు అమ్ముకున్న తెలుగువాళ్లనడగండి. అక్కడా కొంత సొమ్ము ఆగుతుంది. కాకపోతే పద్ధతి వేరు.

ఇక్కడ ఫ్లాటు కొంటే నేలలో మనకు కొంత విడదీయని వాటా వస్తుంది. ఇంగ్లండులో ఎక్కువ ఫ్లాట్లు లీజుహోల్డువి. నేల, భవనం మరొకరివి. ఫ్లాటు మాత్రం వందేళ్లకో, అంతకంటే ఎక్కువకో లీజుకు కొనుక్కున్నట్టు. భవనం బాగోగుల ఖర్చుకు ఏటా సర్వీసు చార్జి కట్టాలి. ముందు అంచనా మీద కడతారు. అసలు లెక్క ఏడాది ముగిశాకే తేలుతుంది. మధ్యలో ఫ్లాటు అమ్మితే? ఆఖరి లెక్కలో పాత యజమాని వంతు ఎక్కువొస్తే ఎవరు కట్టాలి? అందుకే కొనేవారి తరఫు సొలిసిటర్ అంటే ఆస్తి పత్రాల పని చూసే న్యాయవాది, కొంత సొమ్ము పక్కన పెట్టమంటాడు. అది కొన్నవాడి దగ్గర ఉండదు. అమ్మినవారి సొలిసిటర్ దగ్గర, ఆయన సొంత డబ్బుతో కలవకుండా కక్షిదారుల ఖాతాలో ఉంటుంది. లెక్క తేలాక బాకీ ఉంటే అందులోంచి పోతుంది. మిగిలింది అమ్మినవారికి వస్తుంది.

చిక్కల్లా ఆ లెక్క ఆలస్యమైనప్పుడే. నెలల తరబడి ‘ఇంకా తేలలేదు’ అన్న జవాబే వస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆపి ఉంచడానికి సరైన కారణం లేకపోయాక కక్షిదారు సొమ్మును వెంటనే తిరిగివ్వాలన్నది అక్కడి సొలిసిటర్ల నియమం. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోతే లీగల్ అంబుడ్స్‌మన్ దగ్గరకెళ్లొచ్చు. సర్వీసు చార్జికీ హద్దుంది. ఖర్చు పెట్టిన 18 నెలల్లోగా డబ్బు అడగడమో, కనీసం రాతపూర్వకంగా తెలియజేయడమో చేయకపోతే ఆ ఖర్చును వసూలు చేయడం కుదరదని అక్కడి 1985 చట్టం చెబుతోంది.

రావల్కోల్ అయినా లండన్ అయినా అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. ఎంత ఆపుతున్నారు? ఎందుకు? ఎవరి దగ్గర ఉంటుంది? ఎప్పటిదాకా? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబుంటే అది ‘ఆపిన సొమ్ము’. లేకపోతే అది ‘పోయిన సొమ్ము’ కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

రాసుకుంటేనే రక్ష

మన దగ్గర సొలిసిటర్ ఖాతాలు లేవు కదా, మరెలా? మార్గాలున్నాయి.

* అన్నిటికంటే మంచిది, సంతకానికి ముందే మొత్తం సొమ్ము. డీడీనో, ఖాతాలో జమో చూసుకున్నాకే వేలిముద్ర. వ్యవసాయ భూమికి ఇది మరీ ముఖ్యం. 2020లో ధరణి వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్, పేరు మార్పిడి తహసీల్దారు కార్యాలయంలో ఒకేసారి జరిగే పద్ధతి మొదలైంది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పాస్‌బుక్కులో పేరు మారిపోయాక మన చేతిలో పట్టేమీ మిగలదు.

* కొంత బాకీ ఉంచక తప్పదనుకుంటే దస్తావేజులో అదే రాయించండి. ‘ఇంత ముట్టినది, ఇంత బాకీ, ఫలానా తేదీలోగా చెల్లించాలి, ఆలస్యమైతే ఇంత వడ్డీ, అప్పటిదాకా ఆస్తి మీద చార్జి ఉంటుంది’ అని. పూర్తి సొమ్ము ముట్టాకే హక్కు దాఖలవుతుందని, స్వాధీనం అప్పుడేనని స్పష్టంగా రాసుకున్నా చెల్లుతుంది. పత్రంలో ఇరుపక్షాల ఉద్దేశం ఏమిటన్నదే ముఖ్యమని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. బిహార్‌లో ఓ పాత ఆనవాయితీ ఉంది. రిజిస్ట్రేషన్ రసీదు అమ్మినవారి దగ్గరే ఉంటుంది. సొమ్ము పూర్తిగా ముట్టాకే రసీదు చేతులు మారుతుంది, హక్కూ అప్పుడే మారుతుంది. 2011లో సుప్రీంకోర్టు ఈ ఆనవాయితీని గుర్తించింది.

* సబ్‌రిజిస్ట్రారు ఎదుట సొమ్ము చేతులు మారితే ఆ సంగతి దస్తావేజు మీద నమోదు చేయాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ‘పైకం ముట్టిందా?’ అని అక్కడ అడిగినప్పుడు మొహమాటానికి తలూపొద్దు. ముట్టినంతే చెప్పాలి.

* ముందు తేదీ వేసిన చెక్కులు తీసుకుంటే వాటి నంబర్లు, తేదీలు, మొత్తాలు దస్తావేజులో రాయించండి. సూరత్ కుటుంబం 36 చెక్కులూ రాయించింది. కానీ అవన్నీ ‘ముట్టినట్టే’ రాయించింది! ‘చెక్కులు సొమ్మయితేనే చెల్లింపు జరిగినట్టు’ అన్న మాట మరవొద్దు.

* తక్కువ విలువ రాసి మిగతాది నగదుగా ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ నగదు ఆగిపోతే అడగడానికి కాగితమే ఉండదు. పైగా స్థిరాస్తి అమ్మకం తాలూకు సొమ్మును 20 వేలు, అంతకుమించి నగదుగా తీసుకోకూడదని 2015 జూన్ 1 నుంచి నిబంధన ఉంది. తప్పితే దెబ్బ పడేది ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి!

ఇప్పటికే ఆగిపోయిందా?

దిగులు పడి కూర్చోవద్దు, ఆలస్యమూ చేయొద్దు. ముందు దస్తావేజు ధ్రువీకరించిన నకలు, అగ్రిమెంటు, బయానా రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఓ చోట పెట్టుకోండి. ఫోన్లో వచ్చిన ‘వచ్చేనెల ఇస్తా’ సందేశాలు చెరిపేయొద్దు, బాకీ ఉందని ఒప్పుకున్నట్టు అవి పనికొస్తాయి. తర్వాత న్యాయవాదితో నోటీసు పంపండి. ఈసీ తీయించి ఆస్తి ఇంకా ఎవరి పేరున ఉందో చూసుకోండి.

చెక్కు తిరిగొస్తే గడువులు మరీ దగ్గర. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోగా బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లోగా నోటీసివ్వాలి. అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు.

నోటీసుకూ కదలకపోతే వసూలుకు, చార్జి అమలుకు సివిల్ దావా వేయాలి. దావా నడుస్తుండగా ఆస్తి ఎవరు కొన్నా తీర్పుకు కట్టుబడాల్సిందే. ఖర్చుకు వెనకాడేవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవొచ్చు. మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఇస్తారు. రెండు పక్షాలూ రాజీకొస్తే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

మళ్లీ మన పెద్దాయన దగ్గరికే వద్దాం. ‘‘నా మీద యకీన్ లేదా?’’ అని కొనేవాడు అడిగినప్పుడు ఆయన ఏం అనాల్సింది? ‘‘ఉంది తమ్మీ. అందుకే రాసుకుందామంటున్న’’ అనాల్సింది. నిజంగా ఇచ్చే ఉద్దేశం ఉన్నవాడు ఆ మాటకు నొచ్చుకోడు. నొచ్చుకున్నాడంటే... పది లక్షలు పోకముందే సంగతి తెలిసిపోయినట్టే!